బిగించమనే దొరసాని

బెంటన్‌విల్‌లో మా మనవరాలు నాటకం వేస్తుంటే, ఇంట్లో ఒక్కదాన్నే ఉంచడమెందుకని రిహార్సల్‌కి నన్నూ కార్లో తీసుకెళ్లేవాళ్లు. పాతకాలపు ఇంగ్లీషు దొరల హాస్యనాటకం అది. అందులో అందరినీ గదమాయించే మేనత్త వేషం ఒక ముసలి దొరసానిది. ఆవిడ వేసుకునే, వెనక తాళ్లతో నడుం బిగించే జాకెట్టు కట్టడం నా పని. ఆవిడ రెండు చేతులూ గోడకి ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడేది.

"అమ్మమ్మా, ఇంకా టైట్‌గా కట్టాలట!"

"చస్తుందేమోనే!"

మనవరాలు ఆ మాట ఇంగ్లీషులో చెబితే దొరసాని పకపకా నవ్వి, మళ్లీ ఊపిరి బిగబట్టేది.

ఒకరోజు తాడు తెగింది. కొత్తది కొంటామన్నారు. దండగెందుకని నా సంచిలో ఉన్న లంగా బొందుతో కట్టాను.

ఆఖరి ఆట అయ్యాక ఆవిడ కొడుకొచ్చాడు. తల్లి కారు అప్పటికే అమ్మేశాడట, మర్నాడు వృద్ధాశ్రమంలో చేర్చాలట. "పదమ్మా" అన్నాడు. స్టేజీ మీద అంత గొంతున్న మనిషి ఊరికే తలూపింది. నేను ముడి విప్పబోతే మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

"వద్దంటోంది అమ్మమ్మా. ఇది ఉంటేనే అందరూ తన మాట వింటారట."

కార్లో వంగలేక, నిటారుగా కూర్చుని వెళ్లిపోయింది. గుడ్డపీలికైనా పారెయ్యనిదాన్ని, నా బొందు అడగలేదు.