ఆ మెట్టు మీద పసుపు లేదు

మా అత్తగారింట్లో అందరూ ఒక మాట నమ్ముతారు. తిరుమల మెట్ల మీద ఎవరో పూజ చేసి పెట్టిన పసుపును నా బావమరిది తొక్కాడని, అందుకే స్వామి అతన్ని కింద పడేశాడని. ఆ మెట్టు మీద పసుపు లేదు. ఇది ముందే రాసేస్తున్నాను. చదివేవాళ్లు మధ్యలో మానేసినా ఈ ఒక్క సంగతి మాత్రం తెలియాలి.

నాకు మెట్లు అలవాటైంది తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో. నాలుగంతస్తులు, లిఫ్టు లేదు. యాత్రికుల గదులకు వేడినీళ్ల బకెట్లు చేర్చడం నా పని. రెండు చేతుల్లోనూ బకెట్లుంటే కడ్డీ పట్టుకోవడానికి ఇంకో చెయ్యి ఉండదు కాబట్టి పట్టుకోకుండా ఎక్కడం నేర్చుకున్నాను. ఎక్కేటప్పుడు పాదం మొత్తం మెట్టు మీద ఆనించాలి. మునివేళ్ల మీద ఎక్కితే రెండో అంతస్తుకే పిక్కలు పట్టేస్తాయి. మాట్లాడకూడదు. పైన ఇంకా ఎన్ని మెట్లున్నాయో చూడకూడదు. దిగడం వేరే విద్య. మడమ ఆనకూడదు, మోకాళ్లు కాస్త సడలించాలి, కాలి కిందున్న మెట్టును వదిలేసి మూడు మెట్లు ముందుకు చూడాలి. ఒళ్లు తనంతట తాను కిందికి పోతూ ఉంటుంది, కాళ్లు దాన్ని అందుకుంటే చాలు. నీళ్లు ఒలికితే లాడ్జి ఓనరు తిట్టేవాడు. ఒలకకపోతే ఏమీ అనేవాడు కాదు. దాన్ని నేను మెచ్చుకోలుగా తీసుకున్నాను.

కొన్నేళ్లకు అదే లాడ్జిలో మేనేజరునయ్యాను. కుర్చీ వచ్చింది, మెట్లు పోయాయి. అది బాగాలేక వారం వారం అలిపిరి నుంచి కొండకు నడవడం మొదలుపెట్టాను. భక్తి లేదని కాదు, కానీ గాలిగోపురం దగ్గర దండం పెట్టేటప్పుడు ఒక కన్ను గడియారం మీద ఉండేది. మజ్జిగ తాగుతూ కూర్చున్నవాళ్లను, మోకాళ్ల మెట్టు దగ్గర మొక్కు ప్రకారం మోకాళ్ల మీద ఎక్కుతున్నవాళ్లను దాటుకుంటూ పోయేవాణ్ణి. పైనుంచి చాలామంది బస్సులో దిగుతారు. నేను మెట్ల మీదే దిగేవాణ్ణి. మా వీధిలో ఇందుకు నాకో గౌరవం ఉండేది. కనీసం ఉందని నేను అనుకునేవాణ్ణి.

నా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, నగరిలో పవర్‌లూమ్ నడుపుతాడు. పొద్దంతా మగ్గం పక్కన నిలబడే మనిషి. ఒకసారి మా ఇంటికి వస్తే నాతోపాటు కొండకు నడిపించాను. దారిలో అతను చాలాచోట్ల కూర్చున్నాడు. నేను కూర్చోకుండా పక్కన నిలబడి, కూర్చోవడం వల్ల వచ్చే నష్టాలు చెప్పాను. దర్శనం అయ్యాక అతను బస్సుల వైపు తిరిగాడు.

"యాడికి పోతా ఉండావ్?" అన్నాను.

"బస్సుకు బావా. కాళ్లు లాగతా ఉండాయి."

"ఎక్కే కాళ్లు వేరు, దిగే కాళ్లు వేరు. రా, నేర్పిస్తా."

"నేర్చుకోని ఏం జేసేది బావా? మా ఇంటికి ఉండేదే రెండు మెట్లు."

నవ్వుతూనే వచ్చాడు. అప్పుడే చిన్న జల్లు పడింది. పైకప్పు లేనిచోట రాళ్లు తడిగా ఉన్నాయి. అతను కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి దిగుతున్నాడు. ఒక ముసలామె అతన్ని దాటి పోయింది. అది నాకు తలవంపులుగా అనిపించింది. అతనికి అనిపించలేదు.

"కడ్డీ ఇడు! కాళ్ల కిందికి సూడబాక. మూడు మెట్లు ముందుకి సూడు!" అని కిందినుంచి అరిచాను.

"బయంగా ఉండాది బావా."

"సూడబాక అంటే ఇనవే!"

విన్నాడు. కడ్డీ వదిలాడు. నేను చెప్పినట్టే ముందుకు చూస్తూ నాలుగైదు మెట్లు చక్కగా దిగాడు. ఆ తర్వాత నా పక్కనుంచే దొర్లుకుంటూ పోయాడు. ఆ మెట్ల మీద దిగేటప్పుడు నన్ను దాటి పోయింది అతనొక్కడే.

చీలమండ విరిగింది. విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో పేరున్న పుత్తూరు తీసుకుపోయాం. అత్తగారు నగరి నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. కట్టు కట్టే ఆయన ఆకు పసరు పూసి, వెదురు దబ్బలు సర్దుతూ "ఎట్ల పడినావప్పా?" అని అడిగాడు. బావమరిది నొప్పికి తువ్వాలు కరిచిపట్టుకుని ఉన్నాడు. అందుకని అత్తగారు నావైపు చూసింది.

"మెట్టు మీద ఎవురో పసుపు పెట్టిండారు. తొక్కి జారినాడు," అన్నాను.

నా దృష్టిలో అది జారడానికి సరిపోయే కారణం. నున్నటి రాయి, తడి, దాని మీద పసుపు. కానీ ఆడవాళ్లు మొక్కుకుని ఒక్కో మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ ఎక్కే కొండ అది. ఆ కొండ మీద నుంచి పడితే ఎలా జారాడని మా వైపు ఎవరూ అడగరు, ఏం తప్పు చేశాడని అడుగుతారు. నేను జవాబు కూడా అందించాను. అత్తగారు చెంపలు వేసుకుంది.

"పూజ జేసిన మెట్టు తొక్కినావంట్రా, పాపిష్టోడా!"

అతను తువ్వాలు తీసి ఏదో చెప్పబోయాడు. సరిగ్గా అప్పుడే కట్టు బిగించారు. పెద్దగా అరిచాడు. ఆమె ఆ అరుపును ఒప్పుకోలు కింద జమకట్టింది.

ఇంటికి వచ్చాక అతను చెప్పుకున్నాడు. "పసుపు లేదుమా. బావ కిందికి సూడబాకన్నాడు, పడినా."

"సేసిందాన్ని అల్లుడి మీదికి తోస్తావా?" అని ఇంకా నాలుగు తిట్లు తిట్టింది. అప్పుడు నేనూ ఆ గదిలోనే ఉన్నాను. కాఫీ తాగుతున్నాను.

అప్పటినుంచి అతను మెట్ల మీద కాలు పెట్టకూడదని ఇంట్లో కట్టడి. కొండకు పోతే బస్సులోనే. ఘాట్ రోడ్డు మలుపుల్లో అతనికి వాంతులవుతాయి. అదీ ఆ పసుపు మహిమేనన్నారు. మగ్గం మోటారు కాలినా పసుపే. పెళ్లయి చాలాకాలం పిల్లలు పుట్టకపోతే కూడా ఎవరూ వేరే కారణం వెతకలేదు. అతని భార్య మాత్రం ఏడ్చింది.

పోయినేడు వాళ్లకు కొడుకు పుట్టాడు. బిడ్డను తన చేతులతో ఎత్తుకుని, నడిచి కొండెక్కి, పుట్టువెంట్రుకలు తీయిస్తానని బావమరిది మొక్కుకున్నాడు. బయల్దేరే రోజు అత్తగారు తీర్పు చెప్పింది.

"బిడ్డను అల్లుడు ఎత్తుకుంటాడు. ఆయన కాలు మెట్టు తప్పదు. నువ్వు బస్సులో రా."

"మొక్కింది నేనుమా."

"నిన్ను ఒగసారి తోసినాడు గదరా స్వామి. బిడ్డను గూడా తోయిస్తావా?"

అందరం అలిపిరి చేరాం. మెట్ల మొదట్లో అత్తగారు కర్పూరం వెలిగించింది. బిడ్డను నా చేతికిచ్చారు. వాడు నా కళ్లద్దాలు లాగాడు. బావమరిది బస్సు ఎక్కడానికి రోడ్డు వైపు నడుస్తున్నాడు. వాంతి వస్తే పనికొస్తుందని ఒక కవరు మడిచి, చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఇన్నేళ్లూ నా నోరు మూసి ఉంచినవి, అల్లుడి మర్యాద లాంటివి, చాలా ఉన్నాయి. ఆ కవరు ముందు అవి పని చేయలేదు.

"అత్తా, ఆ మెట్టు మీద పసుపు లేదు," అన్నాను.

"ఏ మెట్టు మీద?"

"వాడు పడిన మెట్టు మీద. కిందికి సూడబాకని చెప్పింది నేనే. కడ్డీ ఇడిపించిందీ నేనే. వాడు చెప్పిందే నిజం."

ఆమె కర్పూరాన్ని వదిలేసి లేచి నిలబడింది. బావమరిది వెనక్కి వచ్చాడు.

"ఇప్పుడా బావా?" అన్నాడు.



అత్తగారు నా చేతుల్లోంచి బిడ్డను తీసుకుని కొడుకు చేతుల్లో పెట్టింది. "నిదానంగా ఎక్కు నాయనా. కాళ్ల కిందికి సూసుకో," అంది. తర్వాత నావైపు తిరిగింది. ఆమె నన్నెప్పుడూ మీరనే అంటుంది. అప్పుడూ మానలేదు.

"మీరు ఎనక రాండి. నోరు మాత్రం తెరవబాకండి. ఈ తట్ట పట్టుకోని ప్రతి మెట్టుకూ పెట్టండి. లేని పసుపు సూసిన కండ్లు గదా, ఉన్న పసుపు బాగా కనబడతాది."

మెట్టు మెట్టుకూ పసుపు, కుంకుమ పెడతానన్న ఆ మొక్కు నిజానికి నా భార్యది. ఆమె తట్ట నాకందించి "నడుము జాగర్త," అంది. మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది.

వేగంగా ఎక్కే పద్ధతులన్నీ నాకు తెలుసు. ప్రతి మెట్టుకూ వంగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి ఎక్కే మనిషికి వాటిలో ఒక్కటీ పనికిరాదు. నేను ఒకప్పుడు దాటిపోయిన రకం వాళ్లందరూ నన్ను దాటిపోయారు. మజ్జిగ తాగినవాళ్లు, పిల్లలు, ఊతకర్ర పట్టుకున్న ఒక పెద్దాయన. బావమరిది నాకు కాస్త పైన, బిడ్డను గుండెకు ఆనించుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి ఎక్కుతున్నాడు. మధ్యలో ఆగి వెనక్కి తిరిగాడు.

"బావా! మూడు మెట్లు ముందుకి సూడు!"

అతని భార్య ఫక్కున నవ్వింది. అత్తగారు నవ్వలేదు. నా వెనకున్న మెట్టు వైపు వేలు చూపించింది.

"దానికి కుంకుమ పెట్టలే."

పెట్టలేదు. కడ్డీ పట్టుకుని, మడమ పూర్తిగా ఆనించి, కాలి కిందికే చూసుకుంటూ ఆ మెట్టు దిగాను.