బస్సు అడిగితే ఆటో పోయింది

ముందే చెబుతున్నాను, మార్కెట్లో వడ్లకు తరుగు తీసినట్టు నా మాటలకూ తరుగు తీసుకొని చదవండి. అయినా మా ఊరికి బస్సు తెస్తానని బయలుదేరి, ఉన్న ఒక్క ఆటోను పోలీస్ స్టేషన్‌కు పంపిన ఘనత మాత్రం అచ్చంగా నాదే.

మా ఊరి నుంచి కల్వకుర్తికి పోవాలంటే ఖాజా భాయ్ ఆటోయే గతి. అది దొరకలేదంటే ఇంటర్ చదివే ఆడపిల్లలకు ఆ రోజు కాలేజీ లేనట్టే. కొత్త రాష్ట్రం వచ్చింది, నా చేతికి కొత్త ఫోనూ వచ్చింది. వీడియో తీసి బస్సు డిపో వాళ్ల కళ్లు తెరిపిస్తానని ఊరంతా చాటాను.

తీరా చూస్తే ఆ రోజు ఆటోలో జనం పలచగా ఉన్నారు.

"గింతమందిని జూస్తే ఎవలు ఏడుస్తరు? ఇంకా ఎక్కున్రి!" అని కేకేశాను.

"అన్నా, జర ఆగు. టైర్లు పేల్తయ్," అన్నాడు ఖాజా భాయ్.

"ఫికర్ జేయకు భాయ్, గా మలుపు దాంకనే!"

టాపు మీద కొందరిని కూర్చోబెట్టాను, వెనక కొందరిని వేలాడదీశాను. ఆటో కాస్తా తేనెతుట్టె అయింది. ఎల్లమ్మవ్వ మేకనూ ఎక్కించాను.

"నా మేకెందుకు బిడ్డా? గది ఏ కాలేజీల సదువుతాంది?"

"మన కష్టం కండ్లకు కొట్టాలె అవ్వా!"

వీడియో తీసి అందరి ఫోన్లకూ పంపేటప్పుడు, దాన్ని ఎవరు చూడాలో బాగానే ఆలోచించాను. ఎవరు చూడకూడదో ఆలోచించలేదు. మర్నాడు పొద్దున్నే ఎస్సై దిగాడు.

"వీడియోల నంబర్ ప్లేటు మస్తు సాఫ్‌గ తీసిండ్రు. ఎవలు తీసింది?"

ఊరంతా నా వైపు చూసింది. మేక కూడా.

"సార్, రోజూ గంతమంది ఎక్కరు. నేనే ఎక్కించిన."

"అంటే వీడియో అబద్ధమా?"

చూశారా నా అవస్థ! నిజమంటే ఆటో పోతుంది, అబద్ధమంటే బస్సు పోతుంది.

"సగం నిజం సార్."

"అయితే సగం ఆటో తీస్కపోవాల్నా?"

మొత్తం తీసుకుపోయాడు. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయిందంటారు. మాకు ఉన్నది పోయింది, రావలసింది రాలేదు. తెల్లారేసరికి ఆడపిల్లలు పుస్తకాల సంచులతో మా వాకిట్లో నిలబడ్డారు. "మామా, బండి తియ్యి!"

ఆటో విడుదలయ్యేదాకా నా మోపెడ్‌కు ఊపిరాడలేదు. ఖాజా భాయ్ మా అరుగు మీదే చాయ్ తాగుతూ, "ఒక్కలనే ఎక్కియ్ అన్నా, ఎస్సై జూస్తడు," అని నాకు చట్టం నేర్పాడు.

చివరికి ఆటో వచ్చింది. దాని వెనకే దుమ్ము రేపుతూ బస్సూ వచ్చింది. ఆ రోజే ఎల్లమ్మవ్వ మేక తల మీద చెయ్యిపెట్టి ఒట్టేశాను: ఇక ఏది చూపినా ఉన్నదున్నట్టే చూపుతానని.

ఒట్టు ఒట్టే కాబట్టి చెబుతున్నాను. ఆటో నిజం, ఎస్సై నిజం, మేక కూడా నిజం. ఆ బస్సు ఒక్కటే కల్పన.