చిక్కుడు పందిరికి పట్టిన మసి

మొన్న పెరట్లో చిక్కుడుకాయలు తెంపుతుంటే ఆకు వేళ్లకు జిగటగా అంటింది. తుడిస్తే మసి. నల్లబడిన వేళ్లను చూడగానే చిన్నప్పటి పందిరి గుర్తొచ్చింది.

నాకు ఏడేళ్లప్పుడు మేము బెల్లంపల్లిలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లో ఉండేవాళ్లం. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. వాకిట్లో అవ్వ వేసిన చిక్కుడు పందిరి ఉండేది. బాపు పని దిగి ఒళ్లంతా బొగ్గుతో వచ్చి, దగ్గు తగ్గేదాకా దాని కిందే కూర్చునేవాడు. ఆ చలికాలం తీగ కొసలకు పేను పురుగు పట్టింది. కొన్నాళ్లకే ఆకులు మసిబారి, పూత రాలిపోయింది.

"బాపూ, నువ్వు గీడ కూసోకు. నీ బొగ్గంటి తీగె సస్తుంది" అని ఏడ్చాను.

బాపు తన అరచేతులు చూసుకున్నాడు. "గట్లనా బిడ్డా? కూసోను తియ్యి."

మర్నాటి నుంచి చలిగాలిలో మోరీ కాలువ గట్టున కూర్చున్నాడు. అవ్వ పిలిచినా రాలేదు.

వానలు పడకముందే ఆ దగ్గుతోనే బాపు పోయాడు. మళ్లీ చలికాలం వచ్చింది. బొగ్గుతో ఇంటికొచ్చే మనిషి లేడు, అయినా పందిరి నల్లబడింది.

"గిప్పుడెట్ల నల్లగైందే అవ్వా?"

"బొగ్గు కాదు బిడ్డా. పేను కార్చిన తీపి బంక మీద బూజు లేస్తది. మీ బాపుకు ఎరుకే, పొలంల ఎవుసం చేసినోడు గదా. నువ్వు ఏడుస్తున్నవని ఊకున్నడు."

బాపు గట్టు మీద దగ్గుతున్న ఆ సాయంత్రాలన్నీ నేను పందిరి కింద ఆడుకున్నాను, తీగను కాపాడానన్న సంతోషంతో.