మల్లిగాడి కొవ్వు

మొన్న కారు సర్వీసింగుకి ఇస్తే మెకానిక్ గ్రీజు డబ్బా మూత తీశాడు. ఆ వాసన నాకు ఇప్పటికీ పడదు, ముక్కు మూసుకుని బయటికొచ్చేశాను.

నా చిన్నప్పుడు మా పాత ట్రాక్టరుకి లిఫ్టు ఉండేది కాదు. మిరపచేలో గట్టు దగ్గర మళ్లేటప్పుడల్లా వెనక తగిలించిన గొర్రుని మనుషులే ఎత్తి పట్టాలి. అందుకని నాన్న, వెల్డింగు పనిచేసే మస్తాన్ మావయ్య కలిసి మా ఎడ్లబండి ఇరుసు కోసి, ట్రాక్టరు వెనక మూడు ఇనుప చేతులు బిగించారు. బండితో ఇక పని లేదు. ముసలి ఎద్దు మల్లిగాడిని అంతకు ముందు వారమే లారీ ఎక్కించారు. ఎక్కడికని అడిగితే ఎవరూ చెప్పలేదు.

మస్తాన్ మావయ్య డబ్బా తెరిచాడు. లోపల పచ్చగా, జిగటగా ఏదో ఉంది.

"ఇది పూస్తేనే చేతులు ఆడతాయమ్మా" అన్నాడు.

బండి ఇరుసు ట్రాక్టరు చేతులైంది కదా, అలాగే మల్లిగాడు ఈ డబ్బాలోకి వచ్చాడని తేల్చుకున్నాను. థూ! నాన్న దాన్ని గుప్పిట నిండా తీసి ఇనుప కీళ్లకి పులుముతుంటే వెనక్కి జరిగాను.

మధ్యాహ్నం నాన్న కిరసనాయిలుతో చేతులు కడుక్కొచ్చి, గోంగూర కలిపి నాకు ముద్ద పెట్టబోయాడు. గోళ్ల సందుల్లో ఇంకా అదే. కంచంలోనే కక్కేశాను.

"ఏమైందే నీకు?" అంది అమ్మ.

"మల్లిగాడి కొవ్వు! నేను తినను."

మస్తాన్ మావయ్య పగలబడి నవ్వాడు. "పిచ్చితల్లీ, అది కొట్లో కొన్న గ్రీజే!"

నాన్న నవ్వలేదు. అన్నం ముట్టకుండా లేచి, తొట్టి దగ్గర సబ్బుతో చాలాసేపు చెయ్యి రుద్దుకున్నాడు. నా కక్కు చూసి రోత పుట్టిందేమో అనుకున్నాను అప్పుడు.

మల్లిగాడి పగ్గం లారీవాడికి అందించింది ఆ చేత్తోనే.