ఊరికే వచ్చిందని చదవని షరతు

ఇంజనీరింగ్ అయ్యాక మార్కాపురంలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పనులు మొదలుపెట్టిన కొత్తలో జరిగిందిది. పలకల ఫ్యాక్టరీ నడిపే రమణయ్య గారు నాకు పెదనాన్న వరస. వృథా తగ్గేలా రాయి కోయడంలో ఆయనకో కిటుకు ఉంది. దాన్ని ప్రోగ్రామ్‌గా రాసిచ్చాను. తనకు రాయి కోసిచ్చే గిద్దలూరు వాళ్లకూ ప్రోగ్రామ్ ఇవ్వాలి, కిటుకు మాత్రం బయటపడకూడదు.

“ఈ కంప్యూటర్ భాషకు ఎంత కట్టినావమ్మా?” అని అడిగారు.

“ఊరికే వస్తాది పెదనాయనా.”

“ఊరికే ఎవురిస్తారు? ఏదో మెలిక ఉంటాది,” అంటూ నన్ను అనుమానంగా చూశారు.

మర్నాడు ఫ్యాక్టరీకి పిలిపించారు. ప్రోగ్రామ్‌తో వచ్చిన లైసెన్సును, అంటే వాడుకునే షరతుల పత్రాన్ని, ప్రింటు తీయించి, టీచరైన కోడలి చేత చదివిస్తున్నారు. పనివాళ్లంతా వింటున్నారు. తెర మీద బొమ్మల కోసం నేను వాడిన, వేరేవాళ్లు రాసిపెట్టిన భాగం షరతుల దగ్గర ఆమె ఆగింది.

“ప్రోగ్రాము ఎవురికిస్తే వాళ్లకు లోపలి కోడు కూడా ఇయ్యాలంట మామా.”

“అంటే నా కిటుకు వాళ్లకు చూపియ్యాల్సిందేనా?” ఆయన నా వైపు తిరిగారు. “ఇది నీకు తెలుసా, తెలీదా?”

తెలిసే దాచాననుకుంటారేమో అనిపించింది. “చదవలేదు పెదనాయనా,” అన్నాను తలొంచుకుని.

ఆ భాషలో ఈ షరతు లేని అలాంటి భాగం మరొకటి దొరకలేదు. కోడ్ దాచుకోనిచ్చే భాగాలున్న ఇంకో భాషలో రెండు నెలలు కూర్చుని అంతా మళ్లీ రాశాను. ఈసారి లైసెన్సు నేనే చదివి వినిపించాను.

“తయారుచేసినోళ్ల పేర్లు తీసెయ్యకుంటే చాలంట.”

“అంతేనా? ఇంకోసారి చదువు,” అన్నారు.

ఇప్పుడు ఏ భాష ఎంచుకున్నా ముందు షరతులే చదువుతాను. ఆ మొదటి రోజు మాత్రం, కంప్యూటర్ సంగతులు ఈయనకేం తెలుసులే అనుకున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.