సవతి శోకం అమెరికాకు చేరిన రోజు

శ్రావణమాసం, మంగళవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, ఎప్పుడో చచ్చిపోయిన కొమురవ్వ మా అరుగు మీద గొంతెత్తి ఏడ్చింది. నేను పెంక మీద నువ్వులు వేయిస్తున్నాను. గరిటె జారి పొయ్యిలో పడింది. నువ్వులు మాడిన వాసన ఇల్లంతా కమ్ముకున్నా వదిలేసి బయటికి వచ్చాను. ఆమె పోయి నాలుగేండ్లు దాటింది మరి.

అరుగు మీద ఉన్నది ఆమె మనుమరాలు స్వప్న. జనగామలో కొలువు చేస్తుంది, పొద్దుటి బస్సుకే ఊరికి వచ్చింది. ఏడ్చింది దాని చేతిలోని ఫోన్. అది నాకు అర్థమయ్యేలోపే ఎదురింటి ఓదెలు భుజాన తువ్వాల వేసుకొని ఉరికొచ్చాడు.

"ఎవలు పోయిండ్రే ఎల్లక్కా? బావ గిప్పుడే హోటల్ల చాయ తాగవట్టె గదా!"

అతని వెనకే మా వాడ బుచ్చమ్మ, చంకలో నీళ్ల బిందెతోనే వచ్చి, వాకిట్లో నిలబడి శోకం అందుకుంది. ఎవరు చచ్చారో తెలియదు. మా టేకుమట్ల దిక్కు అంతే, ముందు ఏడుపు, తర్వాత విచారణ.

"ఆపు పెద్దమ్మా, ఎవ్వలు సావలే!" అని స్వప్న అరిచింది.

బుచ్చమ్మ ముక్కు తుడుచుకుంది. "మరి గా గొంతు కొమురక్కది గదనే?" అని బిందె వదిలేసింది. వాకిలంతా నీళ్లు.

కొమురవ్వను మీరు చూడలేదు గనుక చెప్పాలి. నేను కోడలిగా వచ్చిననాటి నుంచీ ఆమెది పక్క ఇల్లు. చావు ఇంట్లో శోకం పెట్టాలంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆమెకే కబురు పెట్టేవి. మా అత్త పోయినప్పుడు నేను శవం పక్కన కూర్చొని "నా బంగారు తల్లీ" అని రాగం తీశాను. కొమురవ్వ నా తొడ గట్టిగా గిల్లింది. నా చెవిలో, "మొన్ననే కదనే అంబలి పొయ్యలేదని నా కాడ ఏడిస్తివి? ఇయ్యాల బంగారమెట్లయింది? కడుపుల ఉన్నదే ఏడువు. అబద్ధమాడితే సచ్చినోళ్లు ఇనరు" అంది. అప్పుడు నేను అంబలి సంగతి మొదలుపెట్టాను. రెండు మాటలు తిట్టేసరికి అసలు ఏడుపు వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఆమెకొక సవతి, లచ్చవ్వ. గార్ల నుంచి వచ్చింది. ఒకే వాకిట్లో ముప్పై ఏండ్లు కొట్లాడుకున్నారు. పెనిమిటి పోయాక అతని గొంగడి కోసం కూడా కొట్లాడారు. ఆ లచ్చవ్వ పోయిననాడు, మా వరినాటు పాటలు రికార్డు చేసుకుందామని ఇంగ్లండు నుంచి వచ్చిన టామ్ అనే పిల్లగాడు కొమురవ్వ ఇంట్లోనే ఉన్నాడు. శవం దగ్గర అతని మిషన్ చూసి అందరం గదమాయించాం. కొమురవ్వే అడ్డుపడింది. "ఉండనియ్యుండ్రి. మిషన్ల పట్టుకో బిడ్డా. ఇదెంతటి కొట్లాటమారిదో మీ ఊరోళ్లకు గూడ తెల్వాలె" అంది. తర్వాత సవతి తల మీద చెయ్యి వేసి మొదలుపెట్టింది.

"పొయ్యి నాదంటివి, తీసుకోవే సవతీ. గొంగడి నాదంటివి, కప్పుకోవే. నేనింక ఎవలతోని కొట్లాడాలె, ఎవలతోని?"

చివర, మా పద్ధతి ప్రకారం, చూడవచ్చినవాళ్ల పేర్లన్నీ శవానికి చెప్పింది. పేర్లు చెప్పనిదే శోకం తీరదు. ఎవరొచ్చారో పోయినవాళ్లకు తెలియాలి కదా.

ఆ నెల తిరక్కముందే కొట్లాటకు నన్ను ఎంచుకుంది. నా కోడి ఆమె వడ్లు తిన్నదని, నా చూరు నీళ్లు ఆమె గోడ తడిపాయని. యాభై ఐదేండ్లకు నేను పలక పట్టి స్వప్న దగ్గర అక్షరాలు దిద్దుకుంటుంటే, "రాసుడు నేర్వు గని అబద్ధాలు రాయకు, నీ చెయ్యి ఇరగ్గొడ్త" అంది.

ఆ టామ్ తన దేశం వెళ్లి, గిటార్లూ డ్రమ్ములూ వాయించే బ్యాండు పెట్టాడట. వాళ్ల మొదటి ఆల్బంలో కొమురవ్వ శోకం కలిపాడట. వాళ్ల దగ్గర ఎవరూ పట్టించుకోలేదు గానీ అమెరికాలో మంటలా అంటుకుందట. స్వప్న ఫోన్లో చూపించింది. పెద్ద హాలు నిండా పడుచుపిల్లలు. డ్రమ్ములు ఆగాయి. కొమురవ్వ గొంతు లేచింది. ఆమె ఆపగానే అన్ని వందల గొంతులు ఒక్కసారిగా "ఎవలతోని" అని అరిచాయి. చేతులెత్తి ఎగురుతున్నారు. ఓదెలు తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు.

"పీనుగు లేదు, పాడె లేదు, ఎగురుడేందే! పీనుగు లేనికాడ శోకం పెడితే ఊరికి అరిష్టం గాదా?" అన్నాను.

"అవ్వా, ఆల్బం మళ్ల వేస్తున్నరట. ఇంటోళ్లు వద్దంటే టామ్ నానమ్మ గొంతు తీసేస్తడట. ఇయ్యాల్నే చెప్పాలె. బాపు నిన్నే అడగమన్నడు. నానమ్మ శోకం నేర్పింది నీకే గదా."

తీసెయ్యమను అని నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

కొమురవ్వ కరోనాలో పోయింది, వరంగల్‌లో, దవాఖానలో. మూటగట్టి అటు నుంచి అటే కాటికి తీసుకుపోయారు. ఊరికి తేలేదు. అంతమందికి శోకం పెట్టిన మనిషి శోకం లేకుండా పోయింది. నేను ఇంట్లో నోట్లో కొంగు పెట్టుకున్నాను. శవం లేనిచోట ఏడవకూడదని నేర్పింది ఆమెనే.

"మళ్ల పెట్టు" అన్నాను. ఈసారి ఆ పిల్లల ముఖాలు చూశాను. ఒక పిల్ల ఎగరడం మానేసి, కళ్లు మూసుకొని, చెంపలు తడిసిపోతుంటే "ఎవలతోని" అంటోంది. మాట అర్థం తెలియదు. నేను నాలుగేండ్లుగా మింగి కూర్చున్న మాట అదే. ఇవతల నేనూ అన్నాను. అన్నాక గొంతు ఆగలేదు. బుచ్చమ్మ నా పక్కన చతికిలబడింది.

ఏడుపు అయ్యాక స్వప్నతో చెప్పాను. "తీయొద్దను. గని పేర్లు కోసేసిండు. ఒక్క పేరు వినవడలే. అవి గూడ పెట్టుమను. లేకుంటే నేనే పోయి తంతనని చెప్పు."

నాకు ఆమె ఇచ్చినవాటిలో ఇంకా మిగిలినవి రెండే. ఉన్నదే ఏడవాలి, వచ్చినవాళ్ల పేర్లు చెప్పాలి. అందుకని చెబుతున్నాను.

కొమురక్కా, ఇయ్యాల నీ మనుమరాలు స్వప్న వచ్చింది. తువ్వాల ఏసుకొని ఓదెలొచ్చిండు. బిందెతోని బుచ్చమ్మ వచ్చింది. ఫోన్ల అమెరికా పిల్లలొచ్చిండ్రు, వాళ్ల పేర్లు నాకు తెల్వయి. నువ్వులు మాడగొట్టుకొని నేనున్న, ఎల్లవ్వను. లచ్చవ్వ రాలే. అది నీ కాడనే ఉన్నది, కొట్లాడుకోండ్రి.