పన్నెండేళ్లుగా మెకానిక్ తొక్కని గడప

మా ఎదురింటి జగదీష్ ఇల్లు కొని పన్నెండేళ్లయింది. ఈ పన్నెండేళ్లలో ఏ మెకానిక్కూ ఆ గడప తొక్కలేదని మా ఊరు పిస్కాటవేలో ఉన్న తెలుగువాళ్లందరికీ తెలుసు. ఎందుకంటే వారానికోసారి ఆయనే చెబుతాడు. కారే కుళాయైనా, కదలని గ్యారేజ్ తలుపైనా సొంతంగా బాగుచేసి, ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెడతాడు. చేసేది ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌కి ప్రొడక్షన్ సపోర్ట్, ఊళ్లో బిరుదు మాత్రం డాక్టరుగారు. మా ఆయన మోహన్ కూడా అలాగే పిలుస్తాడు. నాకు ఒళ్లు మండుతుంది.

ఆ శనివారం సాయంత్రం డాక్టరుగారు పెట్టింది, చలికాలంలో ఇడ్లీ పిండి పొంగించే చిట్కా. పిండి గిన్నె ఫొటో కూడా జతచేశాడు. తొంభైమంది మెచ్చుకున్నారు.

తెల్లారేసరికి జగదీష్ భార్య రేణు, కూతురు దియని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. పిల్ల కోటు, టోపీ, గ్లోవ్స్‌తో మూటలా ఉంది.

"ఛాయా ఆంటీ, మా హౌస్ సో కోల్డ్! నాన్న ఫిక్స్ చేస్తున్నాడు, సో లేట్ అవుతుంది," అంది దియ. వాళ్ల నాన్న సంగతి పిల్లకి బాగానే తెలుసు.

"రాత్రి నుంచి ఫర్నేస్ స్టార్ట్ అవట్లేదక్కా," అంది రేణు. "మెకానిక్‌ని పిలుద్దామంటే నా పరువు పోతుందని బతిమాలుతున్నాడు. పన్నెండింటిదాకా టైమిచ్చాను. తర్వాత నేనే ఫోన్ చేస్తా."

దియకి పాలిచ్చి మోహన్‌కి అప్పగించి, రేణుతోపాటు నేనూ వెళ్లాను. సాయం చేద్దామని కాదు, చోద్యం చూద్దామని. అబద్ధమెందుకు?

బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ మీద లాప్‌టాప్, అందులో పదకొండుమంది ఆఫీసు మిత్రులతో కాల్. జగదీష్ థర్మోస్టాట్‌కి కొత్త బ్యాటరీలు వేశాడు. బ్రేకర్ ఆపి మళ్లీ వేశాడు. ఫిల్టర్ లాగితే రెండేళ్ల దుమ్ముతో గొంగళిలా బయటికొచ్చింది. కొత్తది పెట్టాడు. ఇల్లంతా వెచ్చబెట్టాల్సిన ఆ ఫర్నేస్ ఉలకదు, పలకదు. ఫ్రీమాంట్ నుంచి రఘు అనే అతను ఒకటే సలహాలు. వాళ్ల ఊళ్లో చలే లేదు, సలహాకేం కరువు?

"నిన్నటికీ ఇవాళ్టికీ ఏం చేంజ్ అయింది, బ్రో?" అనడిగాడు రఘు.

"నథింగ్. ఏమీ చేంజ్ అవలేదు," అన్నాడు జగదీష్ ధీమాగా.

"ఏవండీ, నిన్న సాయంత్రం మనం ఇక్కడ..." అని రేణు అనబోయింది.

"రేణూ, ప్లీజ్. కాల్‌లో ఉన్నాను."

కాసేపాగి మళ్లీ నోరు తెరిచింది. మళ్లీ చెయ్యి అడ్డం పెట్టాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రేణు ఏదో చెబుతోంది, వినవయ్యా!" అన్నాను.

"ఇది టెక్నికల్, అక్కా," అన్నాడు.

కోపంతో వెనక్కి జరిగాను, కింద పిండి గిన్నెకి కాలు తగలకుండా చూసుకుని మరీ.

పన్నెండు కొట్టింది. రేణు ఫోన్ చేసింది. జగదీష్ మొహం చూస్తే, ఎందుకు దాచాలి, జాలేసింది నాకు. "వ్యాన్ వీధి చివర పెట్టమని చెప్పు, ప్లీజ్," అన్నాడు పిల్లాడిలా.

మెకానిక్ వచ్చాడు. వ్యాన్ తెచ్చి సరిగ్గా గుమ్మం ముందే పెట్టాడు. ఫర్నేస్ జోలికి కూడా పోలేదు. పక్కనే నేలమీదున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా, దాని మీద తువ్వాలు కప్పిన గిన్నె చూశాడు. గిన్నె ఎత్తాడు. పిండి పొంగి, గిన్నె అంచు దాటి, డబ్బా కన్నాల్లోంచి లోపలికి దిగి గట్టిపడి కూర్చుంది. ఫర్నేస్‌లోంచి కారే నీళ్లన్నీ ఆ డబ్బాలోకే వస్తాయట. లోపలి పంపు వాటిని బయటికి తోడాలి. పంపు బిగుసుకుపోయి డబ్బా నిండితే ఫర్నేస్ తనంతట తానే ఆగిపోతుందట. డబ్బా కడిగి బిగించాడు. ఫర్నేస్ గుయ్యిమంటూ మొదలైంది.

"రూట్ కాజ్ ఏంటి, బ్రో?" లాప్‌టాప్‌లోంచి రఘు.

రేణు వంగి చెప్పింది: "ఇడ్లీ పిండి. డబ్బా వెచ్చగా ఉందని ఆయనే పెట్టారు. రెండుసార్లు చెప్పబోయాను."

కాల్‌లోంచి ఒక్కొక్కరే జారుకున్నారు. జగదీష్ మెట్ల మీద కూలబడ్డాడు. "గ్రూపులో చెప్పకక్కా, నీకు పుణ్యముంటుంది," అన్నాడు. చెప్పనన్నాను. నిజంగానే అన్నాను.

అప్పుడే నా ఫోన్ మోగింది. మోహన్.

"ఛాయా, రాత్రి ఆ గ్రూపు చిట్కా ప్రకారం పెట్టిన పిండి భలే పొంగిందిలే కానీ, మన ఫర్నేస్ ఉన్నట్టుండి ఆగిపోయింది. దియ మళ్లీ కోటు వేసుకుంది. అక్కడే ఉన్నావుగా, డాక్టరుగారిని ఒకసారి పంపించు."

మెకానిక్ సామాను సర్దుకుంటున్నాడు. "ఎదురిల్లే బాబూ," అన్నాను ఇంగ్లిష్‌లో. "వ్యాన్ తియ్యక్కర్లేదు."